వరుసలో ఆగిపోయిన కబురు

మా మేడం చనిపోయారని ఆమె తమ్ముడు మందమర్రి నుంచి ఫోన్ చేశాడు. "అక్క పోయింది సార్. నిద్రలనే పోయింది" అన్నాడు. ఆమె ముందు నేను చేయాల్సిన పని ఒకటి నాలుగేళ్లుగా మిగిలిపోయి ఉంది.

కరీంనగర్‌లో మాది చిన్న ఆఫీసు. ఆస్పత్రిలో ఎవరికైనా రక్తం కావాలంటే దాతల ఫోన్లకు మెసేజ్‌లు పంపుతాం. అవి కంప్యూటర్‌లో వరుసగా నిలబడతాయి. చేరినట్టు జవాబు రాగానే ఒక్కొక్కటే తప్పుకుంటాయి. ఆ వరుసను చూసుకునేది మేడమే. బొగ్గుబాయి కార్మికుడి కూతురు. రాగానే కూర్చోకుండా, బ్యాగు భుజానే ఉంచుకుని స్క్రీన్ చూసేవారు.

"ఆగిపోయిన మిషిన్ ఒర్రుతది తమ్మీ, అరిచి చెప్తది. నెమ్మదైన మిషిన్ ఒర్రదు. మనమే కనిపెట్టాలె" అనేవారు.

తండ్రికి బాగాలేక ఆమె సెలవు పెట్టిన రెండు నెలలు ఆ పని నాకు అప్పగించారు. మెసేజ్‌లు రోజురోజుకూ కాస్త ఆలస్యమయ్యేవి. సోమవారం మిషన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే పరుగెత్తేది. శనివారానికి మళ్లీ కుంటేది. నేనెవరికీ చెప్పలేదు.

ఒక శనివారం పెద్దపల్లిలో కాన్పయిన ఒకామెకు రక్తస్రావం ఆగలేదు. దాతకు మెసేజ్ గంట ఆలస్యంగా చేరింది. అతను ఉరుక్కుంటూ వెళ్లేసరికి ఆమె లేదు. పాప బతికింది. ఆ గంట దొరికితే తల్లీ బతికేదా? ఎవరూ చెప్పలేరు. నన్ను మాత్రం ఆ ప్రశ్న ఏ రోజూ వదల్లేదు.

సంగతి తెలిసి మేడం మర్నాడే వచ్చేశారు. నేను మిషన్ ఆపబోతే చెయ్యి పట్టుకున్నారు. "వద్దు. బంద్ చేస్తే ఆనవాలు పోతది."

రెండు రోజులు గంటగంటకూ వరుసలో ఎన్ని మెసేజ్‌లున్నాయో కాగితం మీద రాశారు. పనేమీ లేని వేళ కూడా వరుస ఖాళీ కావడం లేదు. "గీళ్లు ఎవలు? ఎందుకు పోతలేరు?" అంటూ ఒక్కో నంబరూ తీశారు. అన్నీ పనిచేయని ఫోన్లు. జవాబు రాక వాటి మెసేజ్‌లు తిరిగొచ్చి మళ్లీ వరుసలోనే నిలబడుతున్నాయి. ప్రాణం మీదికొచ్చిన కబురు వాటి వెనక ఆగింది. నేను ఆపి ఆన్ చేసినప్పుడల్లా ఆ కుప్ప చెరిగిపోయి, వారంలో మళ్లీ పేరుకునేది.

మూడుసార్లు పంపినా చేరనివాటిని పక్కకు తీసే ఏర్పాటు చేసి, మేడం నావైపు తిరిగారు. "ఎన్నిసార్లు బంద్ చేసినవ్ తమ్మీ?"

"ప్రతి సోమవారం."

ఆమె తిట్టలేదు. యజమాని వద్దంటున్నా నన్ను వెంటబెట్టుకుని పెద్దపల్లి వెళ్లి, చనిపోయినామె భర్తకు జరిగిందంతా చెప్పారు.

"మెసేజ్ లేటయిందని మాకెవ్వలు చెప్పలే మేడం" అన్నాడతను.

"అందుకే వచ్చిన. తప్పు మాది."

మాది అన్నారు. నా పేరెత్తలేదు. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

తిరుగు బస్సులో "నేను చెప్పాల్సింది" అన్నాను.

"నీకు నోరు వచ్చిన్నాడు చెప్పు. నేను తోలుకపోత."

నాలుగేళ్లలో నాకు నోరు రాలేదు.

పదకొండో రోజుకు మందమర్రి వెళ్లి, తిరుగు రైల్లో వస్తూ పెద్దపల్లిలో దిగాను. అతను వాకిట్లో వడ్లు ఆరబోస్తున్నాడు. మేడం పోయారని చెప్పాను. "ఆ సోమవారాలు మిషన్ ఆపింది నేను. ఎవరికీ చెప్పకుండా దాచిందీ నేనే" అన్నాను.

అతను పార కింద పెట్టి అరుగు మీద కూర్చున్నాడు. నాలుగేళ్ల పాప వట్టి కాళ్లతో వడ్లు దున్నుకుంటూ ఆ చివరిదాకా నడిచింది. అక్కడ తిరిగి, మళ్లీ మావైపు నడిచి రాసాగింది. పాప కాళ్ల వెనక సన్నని సాళ్లు పడుతున్నాయి.