సిగ్నల్ కోసం పడవెక్కిన కంప్యూటర్

ఒక బడి, ఒక పడవ, ఒక ఊరు ఊరంతా నా ఒక్కదాని తెలివితేటల వల్ల ఒకే పూటలో ఎలా ఆగమాగమయ్యాయో ఇప్పుడు చెప్పబోతున్నాను. మధ్యలో మీకు నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. ఆ ఊళ్ళో నన్ను చూసి ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు, మీరూ వాళ్ళతో కలవండి.

అప్పుడు నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. కొల్లేటి మధ్య లంక గ్రామంలో, క్రైస్తవ మిషను వాళ్ళ కాలంనాటి చిన్న బళ్ళో టీచరు. రోజూ ఏలూరు నుంచి బస్సెక్కి, ఆ తర్వాత పడవెక్కి వెళ్ళేదాన్ని. మా హెడ్మిస్ట్రెస్ సువార్తమ్మగారు బంగారం లాంటి మనిషి. కాకపోతే ఎవరేం చెప్పినా నమ్ముతారు. ముఖ్యంగా నేను చెబితే ఇంకా ఎక్కువ నమ్ముతారు, ఎందుకంటే నా దగ్గర కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్ ఉంది. ఆ కోర్సులో నేను నేర్చుకున్నదల్లా నా పేరును రకరకాల రంగుల్లో టైపు చేయడం. ఆ సంగతి సర్టిఫికెట్ మీద రాయలేదు కదా!

ఒకరోజు సువార్తమ్మగారు నన్ను పిలిచారు.

"కృపా, రమణమ్మగారు వచ్చి వెళ్ళిందమ్మా. పిల్లలిద్దరి టీసీలూ అడుగుతోంది. అవతలి ఊరి ఇంగ్లీషు మీడియం బళ్ళో కంప్యూటర్లున్నాయట. ఆవిడ తీసుకెళ్తే వెనకాలే ఇంకో నాలుగిళ్ళ వాళ్ళు తీసుకెళ్తారు. పిల్లలు ఇంకా తగ్గితే బడి మూసేస్తారమ్మా."

"మనమూ కంప్యూటర్ కొందామండీ మేడమ్!" అన్నాను.

"మనవల్ల అవుతుందా?"

"నేను లేనా అండీ?"

ఈ మాట అన్నప్పుడు నా గొంతులో ఎంత ధీమా ఉందంటే, నాకే ముచ్చటేసింది.

తల్లిదండ్రుల కమిటీకి అధ్యక్షులు పోతురాజుగారు. చేపల చెరువులు, ఇంజను పడవ, పెద్ద మీసం, వాటన్నిటికంటే పెద్ద ఉత్సాహం ఆయన ఆస్తులు. ఊళ్ళో అందరి దగ్గరా చందా పోగుచేసి, రుమాల్లో మూటగట్టి తెచ్చి నా చేతిలో పెట్టారు.

"టీచరుగారూ, ఇంతకంటే ఊళ్ళో పుట్టదండి. ఇందులోనే రావాలి. పిల్లలు కళ్ళారా చూడాలండి."

"మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాను.

మొదట ఏలూరులోనే తిరిగాను. ఏ షాపుకెళ్ళినా నమస్కారం అయిన వెంటనే పరీక్ష మొదలుపెట్టేవారు. "ర్యామ్ ఎంత కావాలండీ? ప్రాసెసర్ ఏదండీ? ఎస్సెస్డీయా, హార్డ్ డిస్కా?" నేను ప్రతిదానికీ బాగా ఆలోచిస్తున్నట్టు తలాడించి, "మంచిది చూపించండి" అనేదాన్ని. వాళ్ళు మంచిదే చూపించేవారు. ధర వినగానే మా రుమాలు మూట నా బ్యాగులో ఇంకాస్త కుంచించుకుపోయేది. పైగా ప్రతి కంప్యూటర్ పక్కనా బియ్యం డబ్బా అంత నల్ల డబ్బా ఒకటి. ధరలో సగం పైన దానిదేనట!

ఆ దిగులుతోనే ఏదో పనిమీద బ్యాంకుకి వెళ్ళాను. అక్కడ కౌంటర్లో కూర్చున్నాయన ముందు పల్చటి తెర ఒక్కటే ఉంది. బల్ల కిందకి వంగి మరీ చూశాను. డబ్బా లేదు!

"ఏవండీ, దీని డబ్బా ఏదండీ?"

"డబ్బా ఉండదండి. అంతా తెరలోనే ఉంటుంది. ఇప్పుడు ఇలాంటివే వస్తున్నాయండి."

చూశారా, ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆయన ముందున్నది అలాంటిదే. కానీ నా బుర్రలో ఆ మాట ఎలా దిగిందంటే, లోకంలో పల్చటి తెర అనేది ఎక్కడ కనపడినా అందులో కంప్యూటర్ కాపురం ఉంటుందని దిగింది. ఏలూరు షాపుల వాళ్ళు అమాయకురాలినని పాత డబ్బాలు నాకు అంటగట్టబోయారని కూడా అర్థమైపోయింది!

ఇక ఆగలేదు. గూడెంలో ఏదైనా చవగ్గా దొరుకుతుందని ఎవరో అంటే మర్నాడే పాసింజర్ రైలెక్కి తాడేపల్లిగూడెంలో దిగాను. షాపులోకి అడుగుపెట్టగానే గోడ నిండా తెరలు! ఒక్కదానికీ డబ్బా లేదు! నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"ఇదెంతండీ?" అన్నాను, అన్నిటికంటే పెద్దదాన్ని చూపించి.

షాపాయన ధర చెప్పాడు. నా చెవుల్ని నేను నమ్మలేదు. మా మూటలో సగానికి పైగా మిగిలిపోతుంది!

"ఇందులో బొమ్మ బాగా కనపడుతుందా అండీ?"

"అద్దంలా కనపడుతుందండి."

"పిల్లలకి పాఠాలు, తెలుగు అక్షరాలు, లెక్కలు అవీ వస్తాయా?"

"మీరేది పెడితే అది వస్తుందండి."

ఎంత నిజాయితీగల మనిషి! ఒక్క ముక్క అబద్ధం చెప్పలేదు. పైగా తనే అడిగాడు కూడా. "సీపీయూ ఉందా అండీ మీకు? లేకపోతే అదీ చూపిస్తాను."

సీపీయూ అంటే ఆ డబ్బానే అని నాకు తెలుసు. అయ్యో పాపం, ఈయన కూడా మొదలెట్టాడే అనుకుని, చిన్నగా నవ్వి, "డబ్బాతో మాకు పనిలేదండీ" అన్నాను.

"సరేనండీ, మీ ఇష్టం. కీబోర్డూ మౌసూ?"

"ఇవ్వండి. వైరు లేనివే ఇవ్వండి" అన్నాను. కాలంతోపాటు నడిచేదాన్ని మరి!

తిరుగు రైల్లో ఆ అట్టపెట్టెను బాలింతరాలు బిడ్డను ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ, "టీవీయా అమ్మా?" అంది.

"కాదండీ, కంప్యూటర్!" అన్నాను. పెట్టె మీద ఏం రాసి ఉందో చదివే ఓపిక ఉంటే ఈ కథే లేదు.

భీమడోలు దాటకముందే సువార్తమ్మగారికి ఫోన్ చేశాను.

"మేడమ్, కొనేశానండీ! సగం డబ్బు మిగిలిందండీ!"

"నిజంగానా! దేవుడికి స్తోత్రం! నువ్వు మా పాలిట దేవదూతవమ్మా!"

ఆదివారం గుళ్ళో పాస్టరుగారు నా పేరెత్తి ప్రార్థన చేశారు. నేను తలవంచుకుని, వినయంగా కనపడటానికి నానా కష్టాలూ పడ్డాను.

సోమవారం ప్రారంభోత్సవం. బడికి మామిడాకుల తోరణాలు కట్టారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు, పోతురాజుగారు కొబ్బరికాయ కొట్టారు, ఎవరి నమ్మకం వాళ్ళది, కంప్యూటర్ అందరిదీ. ఆడవాళ్ళంతా పనులు మానుకుని వచ్చారు. రమణమ్మగారు గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. టీసీల సంగతి ఇవాళే తేల్చుకుంటానని చెప్పి మరీ వచ్చిందట.

నేను ప్లగ్గు పెట్టాను. బటన్ నొక్కాను. తెర నీలంగా వెలిగింది! చప్పట్లే చప్పట్లు! అంతలో తెరమీద చిన్న చతురస్రం ఒకటి ప్రత్యక్షమై, అటూ ఇటూ తేలుతూ తిరగడం మొదలెట్టింది. అందులో ఇంగ్లీషు అక్షరాలు.

పిల్లలు ఒక్కో అక్షరం కూడబలుక్కుని, ముక్తకంఠంతో చదివారు. "నో... సిగ్నల్!"

"చూశారా, అప్పుడే ఇంగ్లీషు చదివేస్తున్నారు!" అని సువార్తమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు.

నేను కీబోర్డు నొక్కాను. మౌసు కదిలించాను. చతురస్రం తన దారిన తాను షికారు చేస్తోంది.

"ఏమైందండీ టీచరుగారూ?" అన్నారు పోతురాజుగారు.

చూడండి, ఇక్కడ నేను "తెలియదండీ" అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. కానీ ఊరంతా నా మొహం వైపే చూస్తోంది. నా నోరు నన్ను అడగకుండానే మాట్లాడేసింది.

"సిగ్నల్ లేదండీ. మన ఊళ్ళో ఫోన్లకే సిగ్నల్ సరిగ్గా అందదు కదా. ఇది ఇంకా పెద్దది. దీనికి ఇంకా ఎక్కువ కావాలి."

"అదా సంగతి!" పోతురాజుగారి మీసం నిక్కబొడుచుకుంది. "అదెంత పనండీ! సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదా? పట్టండి!"

ముందు బడి డాబా మీదికి ఎక్కించారు. నలుగురిళ్ళలోంచి వైర్లు తెచ్చి ముడేసి కరెంటు పైకి లాగారు. నో సిగ్నల్. తెరను తూర్పుకి తిప్పారు, పడమటికి తిప్పారు. ఒకాయన దాని నెత్తిమీద స్టీలు పళ్ళెం కూడా పట్టుకుని నిలబడ్డాడు. నో సిగ్నల్.

"ఇక్కడ లాభం లేదండి" అన్నారు పోతురాజుగారు. "నా చెరువుగట్టు మీదికి పోదాం. అక్కడ నుంచి టవరు కనపడుతుందండి. చేపలకి గాలి ఆడించే మోటర్ల కోసం వేసిన కరెంటూ ఉంది. నా ఫోనుకి అక్కడ గీతలు నిండుగా వస్తాయి."

ఏవండీ, ఆ ఊరేగింపు మీరు చూడాలి! ఇంజను పడవ మధ్యలో సువార్తమ్మగారు కుర్చీలో కూర్చుని, తెరను దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. నీళ్ళు చిందుతాయని నేను గొడుగు పట్టాను. ముందు పోతురాజుగారు నిలబడి జెండా ఊపినట్టు ఫోను గాల్లో ఊపుతూ, "ఒక గీత వచ్చిందండోయ్! రెండు గీతలండోయ్!" అని కేకలు. వెనకాల ఇంకో రెండు పడవల నిండా పిల్లలూ తల్లులూ. గూడకొంగలు బెదిరి గుంపుగా లేచాయి. ఆ క్షణాన భయం సంగతి మర్చిపోయి, నాకూ కేక పెట్టాలనిపించింది. పెట్టాను కూడా!

గట్టు మీద కాపలా పాకలో బల్ల వేసి తెరను నిలబెట్టారు. ప్లగ్గు పెట్టాను. పిల్లలు ఈసారి కూడబలుక్కునే పని కూడా లేకుండా గడగడా చదివేశారు.

"నో సిగ్నల్!"

"నాకు నాలుగు గీతలున్నాయండీ! దీనికేం రోగం?" అని పోతురాజుగారు ఫోను తెర పక్కన పెట్టి కొలిచి చూశారు. "ఆ షాపాయనకే ఫోన్ చేద్దాం. నంబరు చెప్పండి."

చెప్పాను. అందరికీ వినపడాలని ఆయన స్పీకరు ఆన్ చేశారు. ఆ చేతులు ఎంత చురుకైనవో!

"ఏవండీ, మొన్న కంప్యూటర్ పట్టుకెళ్ళిన టీచర్నండీ. నో సిగ్నల్ అంటోందండీ" అన్నాను.

"సీపీయూ ఆన్ చేశారా అండీ?"

"అది తెరలోనే ఉంది కదండీ?"

పోతురాజుగారు ఫోను ఇంకాస్త పైకెత్తి పట్టుకున్నారు.

"మేడమ్‌గారూ," అన్నాడాయన చాలా మెత్తగా, చావు కబురు చెప్పే గొంతుతో, "మీరు పట్టుకెళ్ళింది ఉత్త తెరేనండి. కంప్యూటర్ డబ్బాలో ఉంటుందండి. నేనడిగితే డబ్బాతో పనిలేదన్నారు కదండీ. మీ దగ్గర ఉందేమో అనుకున్నానండి."

"మరి ఆ సిగ్నల్?"

"డబ్బా నుంచి వైరులో రావాలండి. టవరు నుంచి కాదండి."

కొల్లేట్లో ఎక్కడ లోతు ఎక్కువో అడిగి అక్కడ దూకేద్దామనిపించింది. కానీ వేసవిలో మోకాలి లోతుకు మించి నీళ్ళుండవు, ఆ పరువూ దక్కదు. తలెత్తకుండా నిలబడ్డాను. ముందు ఎవరో ముక్కుతో నవ్వారు. ఎవరా అని చూస్తే సువార్తమ్మగారు! ఆవిడ నవ్వు చూసి పోతురాజుగారు, ఆయన్ని చూసి గట్టంతా పగలబడి నవ్వారు. పోతురాజుగారు పాక గుంజ పట్టుకుని కూలబడిపోయి, "ఉత్త తెరకి... గొడుగు పట్టామండీ!" అంటూ మీసం మీద కన్నీళ్ళు కారుస్తున్నారు.

రమణమ్మగారు ఒక్కతే నవ్వకుండా నా దగ్గరికి వచ్చింది. అయిపోయింది, టీసీలు అడుగుతుంది అనుకున్నాను.

"టీచరుగారూ, ఆ బళ్ళో కంప్యూటర్లు అద్దాల గదిలో పెట్టి తాళం వేస్తారంటండి. పిల్లల్ని ముట్టుకోనివ్వరంట. మీరు దాన్ని మా పిల్లల కోసం పడవెక్కించి తిప్పారు. నా పిల్లలు ఇక్కడే చదువుతారండి" అని, అప్పుడు మొదలెట్టింది నవ్వడం. అందరికంటే ఆలస్యంగా మొదలెట్టి అందరికంటే ఆలస్యంగా ఆపింది.

ఆ వారంలోనే షాపాయన ఒక ఆఫీసు వాళ్ళు మార్చేసిన డబ్బాను బాగుచేయించి పంపించాడు. మిగిలిన డబ్బుకి సరిగ్గా సరిపోయింది. రెండూ కలిపాక మా కంప్యూటర్ ఏలూరులో చెప్పిన ధరకంటే బాగా తక్కువకే వచ్చింది. అందుకే మా సువార్తమ్మగారు ఎవరడిగినా, "మా కృప ముందుచూపు!" అని గర్వంగా చెప్పేవారు. ఆవిడ నమ్మకానికి మందు లేదు.

మరుసటి ఏడు ప్రింటర్ కొనడానికి కూడా నన్నే పంపించారు. గూడెం షాపులోకి అడుగుపెట్టానో లేదో, ఆయన గల్లాపెట్టె వెనక నుంచి లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"రండి మేడమ్‌గారూ! ముందే చెబుతున్నానండి. ఇంకు వేరే కొనాలి. కాగితాలు వేరే కొనాలి. కరెంటు మాత్రం మీ ఊళ్ళోదే."

అందుకని, కొల్లేటి నీళ్ళ సాక్షిగా, గూడకొంగల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా జన్మలో ఏ షాపాయన ఏ వస్తువు గురించి ఏమడిగినా, తెలిసినా తెలియకపోయినా, ముందు "అదేమిటండీ?" అనే అంటాను. ఈ ప్రమాణం మొదట ఆ రోజే మనసులో చేసుకుని, ఇంటికొస్తూ దారిలో కొబ్బరిబొండాం దగ్గర ఆగితే, కొట్టే ఆయన అడిగాడు, "స్ట్రా కావాలా అమ్మా?"

"అదేమిటండీ?" అన్నాను.