ఇంటి పనికే ఈ అక్షరాలు

ఇప్పుడంటే ఎవరి చేతిలో చూసినా కంప్యూటరే కానీ, ఆ కాలంలో అది ఉన్న గదిలోకి జనం చెప్పులు విప్పి వచ్చేవాళ్ళు. తొంభైల నాటి సంగతి. జడ్చర్లలో మా వైపు తెలుగు అక్షరాలు కొట్టే కంప్యూటర్ చాచా ప్రెస్సులో ఒక్కటే ఉండేది. దాని ముందు కూర్చునేది నేను. బీకాం పాసై, హైదరాబాద్‌లో మేనత్త ఇంట్లో ఉండి డీటీపీ నేర్చుకుని వచ్చినదాన్ని. ఆ వయసులో మనిషికి ఎంత గర్వం ఉండొచ్చో అంతా ఉండేది నాకు, పైన మరికొంత అప్పు తెచ్చుకున్నది కూడా ఉండేది. (రెండు జడలు మానేసి ఒక జడకు దిగింది ఆ ఉద్యోగం గౌరవార్థమే.) నాకు తెలిసిన రూలు ఎవరైనా తప్పితే నిద్ర పట్టేది కాదు. నాకు తెలియని రూలు ఉంటుందని మాత్రం తోచేది కాదు.

చాచా అంటే మా బాపు స్నేహితుడు. నేను పుట్టకముందు నుంచీ ప్రెస్సు నడుపుతున్న మనిషి. గోడ పొడుగునా గళ్ళ పెట్టెలు, వాటి నిండా సీసం అక్షరాలు, మధ్యలో దడదడలాడే పాత మిషను. హైదరాబాద్ నుంచి కంప్యూటర్ అక్షరాల శుభలేఖలు రావడం మొదలయ్యాక బేరాలు తగ్గి, పాపం ఆయన కూడా ఒక కంప్యూటర్ కొన్నాడు. దాంతోపాటు తెలుగు ఫాంట్లున్న డబ్బా ఒకటి ఎవరితోనో తెప్పించాడు. నేను అందులో అక్షరాలు కూర్చి బటర్ పేపర్ మీద తీసిస్తే, దాన్ని పట్టి స్క్రీన్ ప్రింటింగ్ చేసేవాళ్ళు. ఆ గుండ్రటి, నున్నటి అక్షరాలు చూసి జనం మురిసిపోయేవాళ్ళు. అంతా సవ్యంగా సాగుతుండగా, ఒక మధ్యాహ్నం నాకు ఏ పనీ లేకుండా పోయింది. అదే కొంప ముంచింది.

పని లేక ఆ ఫాంట్ల డబ్బా సర్దుతుంటే అడుగున ఇంగ్లీషులో అచ్చేసిన నిబంధనల కాగితం దొరికింది. చీమ తలకాయంత అక్షరాలు. డిక్షనరీ పక్కన పెట్టుకుని సాయంత్రం దాకా చదివాను. చదివిన కొద్దీ ఒళ్ళు చల్లబడింది. చాచాను పిలిచి కూర్చోబెట్టి చెప్పాను. "చాచా, గీ అక్షరాలు మనయి గావంట. కంపెనోళ్ళవే. మనకు వాడుకోనీకి లైసెన్స్ ఇచ్చిన్రు, గంతే."

చాచా నోరెళ్ళబెట్టాడు. "లైసెన్సా? బందూకుకు లైసెన్స్ ఉంటది, లారీకి ఉంటది. అఆలకు గూడనా బేటీ? నా సీసం అక్షరాలు కిలోల లెక్కన కొనుక్కొచ్చిన. ఇయ్యాల నేను వాటిని కరగబెట్టి గంట పోయించుకున్నా అడిగెటోడు లేడు. పైసలు బెట్టి కొన్నంక గివి మనయి గాకుండ ఎట్ల పోతయ్?"

"గింకో మాట గూడ ఉంది. మన డబ్బా ఇంటి పనికి మాత్రమే. యాపారానికి వాడాల్నంటే వేరే లైసెన్స్ ఉంటదంట."

చాచా గడ్డం నిమురుకున్నాడు. ఆయన ఎవరి సొమ్మూ ఉంచుకునే మనిషి కాదు. "పరాయోళ్ళది మన రొట్టెల కలవొద్దు. ఏం జెయ్యాల్నో నువ్వే చెప్పు, చదువుకున్నదానివి" అన్నాడు. చదువుకున్నదానివి అన్న మాట వినగానే నాకు వెన్నెముక నిటారుగా అయింది. అక్కడికక్కడే తీర్పు చెప్పేశాను. పెళ్ళి, పేరంటం, బారసాల, ముస్లింల ఇళ్ళలో పుట్టిన పిల్లలకు చేసే అఖీఖా ఇవన్నీ ఇంటి పనులు. వాటికి కంప్యూటర్ అక్షరాలు. దుకాణాలు, చిట్‌ఫండ్లు, టాకీసులు ఇవన్నీ వ్యాపారం. వాటికి సీసం అక్షరాలు. "ఇంటి పనికే ఈ అక్షరాలు" అని అట్ట మీద రాసి కంప్యూటర్ పైన వేలాడదీశాను.

ఇక చూడండి నా దర్జా. వచ్చినవాళ్ళను ముందు కూర్చోబెట్టి, "ఇంటి పనా, యాపారమా?" అని అడిగేదాన్ని, పోలీస్ స్టేషన్లో రాసుకున్నట్టు. సర్పంచు ఎన్నికలకు నిలబడ్డాయన కరపత్రాలకని వస్తే ఆయన పని దేని కిందికి వస్తుందో నాకు తేలలేదు. చాచాను అడిగాను. "గది అన్నిటికంటె పెద్ద యాపారం బేటీ, సీసం అక్షరాలే పెట్టు" అన్నాడు. ఆ నిలబడ్డాయన మొహం ముడుచుకుని షాద్‌నగర్ వెళ్ళి అచ్చు వేయించుకున్నాడు. మిగతావాళ్ళు అంత అమాయకులు కాదు. బట్టల దుకాణం సేటు నాలుగు రోజులాలోచించి ఒక కాగితం తెచ్చాడు. "మా చెల్లెలి సీమంతం సందర్భంగా చీరల మీద భారీ తగ్గింపు" అని ఉంది. "చెల్లెలి సీమంతం ఇంటి పనే గదమ్మా?" అన్నాడు అమాయకంగా. నేను గంటసేపు తలపట్టుకుని, సీమంతం వరకు కంప్యూటర్ అక్షరాలు, తగ్గింపుకు సీసం అక్షరాలు ఇచ్చాను. ఆ కరపత్రం చూస్తే రెండు కాగితాలు చింపి అతికించినట్టు ఉండేది.

సరిగ్గా అప్పుడే మా బావ హోటల్ పెట్టాడు. బావ అంటే మా పెద్దక్క మొగుడు, లారీ డ్రైవరు. రాత్రింబవళ్ళు రోడ్ల మీదే ఉంటే పిల్లలు మొహం కూడా గుర్తుపట్టరని అక్క చెవినిల్లు కట్టుకుని పోరితే, లారీ మానేసి బస్టాండు పక్కన జాగా కిరాయికి తీసుకున్నాడు. ముందు హోటలు, వెనక రెండు గదుల్లో కాపురం. ఆ ఖర్చు కోసం అక్క తన మెడలోని బంగారు గుండ్లు తీసి కుదువ పెట్టింది. అమ్మ పెట్టిన గుండ్లు అవి. హోటల్ నడిస్తే గుండ్లు వస్తాయి, నడవకపోతే గుండ్లూ పోతాయి, బావ మళ్ళీ లారీ ఎక్కుతాడు. ఇంటిల్లిపాదికీ అదే బెంగ.

బావ కరపత్రాల కోసం ప్రెస్సుకు వచ్చాడు. "పిల్లా, మంచి అక్షరాలు బెట్టు. ఊరంత అదిరిపోవాలె."

"హోటల్ యాపారం గదా బావా. సీసం అక్షరాలు పెడ్త."

"నేను నీకు పరాయోన్నా?"

"నువ్వు పరాయోడివి గావు బావా. హోటల్ పరాయిది."

బావ నా వైపు, అట్ట వైపు, మళ్ళీ నా వైపు చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. (లారీ డ్రైవర్ ఏమీ అనలేదంటే అదెంత కష్టమో ఊహించుకోండి.) రెండో రోజు నవ్వుకుంటూ వచ్చి కాగితం ముందు పెట్టాడు. "మా నూతన గృహప్రవేశమునకు బంధుమిత్రులందరు విచ్చేయగలరు." కింద బస్టాండు పక్కనున్న చిరునామా. "ఎనక గదులల్ల కాపురముండేది నిజమే గదా? అబద్ధమైతే చెప్పు." అబద్ధం లేదు. గృహప్రవేశం ముమ్మాటికీ ఇంటి పని. నా రూలుకు ఏ లోటూ రాలేదు. సంతోషం పట్టలేక పైన కలశం బొమ్మ, చుట్టూ మామిడాకుల అంచు వేసి, అలవాటు కొద్దీ "మా ఆతిథ్యము స్వీకరించి, విందారగించి, మమ్ము ఆనందింపజేయ ప్రార్థన" అని కూడా చేర్చాను. మిగతా కార్డులన్నిటిలో ఆ మాట ఉండేది కదా!

బావ లెక్క ఏమిటంటే, చిరునామా పట్టుకుని వచ్చి చూసి జనం అది హోటలని తెలుసుకుంటారని. అక్కకు ఈ లెక్కలేవీ తెలియవు. శుభకార్యం కార్డులకు పసుపు పెట్టకపోతే ఎట్లాగని పొద్దంతా కూర్చుని ప్రతి కార్డుకూ నాలుగు మూలలా పసుపు అద్దింది. బావ పాత స్నేహితులు వాటిని బస్సుల్లో, సంతలో, చుట్టుపక్కల ఊళ్ళలో కనబడ్డవాళ్ళందరికీ పంచారు. పసుపు పెట్టిన కార్డు చేతిలో పెట్టాక పోకుండా ఉండేవాళ్ళెవరండీ మా దిక్కు?

కార్డులో వేసిన రోజు పొద్దున హోటల్ ముందు ట్రాక్టరు ఆగింది. అందులోంచి దిగిన ఆడవాళ్ళ చేతుల్లో స్టీలు చెంబులు, గిన్నెలు, జాకెట్టు బట్టలు. వెనకే ఇంకో ట్రాక్టరు. "ఇల్లేది బిడ్డా? పాలు పొంగిచ్చిన్రా?" అని ఒక ముసలమ్మ లోపలికి వచ్చేసింది. "కార్డు ఇచ్చినోళ్ళు ఎవరో తెల్వది గని, పిలిచినంక రాకపోతే మర్యాద గాదని వచ్చినం" అన్నాడు ఇంకో పెద్దమనిషి. హోటల్ గల్లా దగ్గర అగరొత్తులు ముట్టించి నిలబడ్డ బావ మొహం మాడిన దోశలా అయింది. అందరూ వరసగా బల్లల ముందు కూర్చుని ఆకుల కోసం చూస్తున్నారు. "చదివింపులు రాసేది ఎవరు?" అని ఎవరో కేకేస్తే, చేతిరాత బాగుంటుందని నన్ను తెచ్చి గల్లా ముందు కూర్చోబెట్టారు. బిల్లులు రాయాల్సిన చోట కూర్చుని, ఫలానా వారు స్టీలు డబ్బా, ఫలానా వారు చాయ్ గ్లాసులు అని రాశాను.

బావ నా చెవిలో బతిమాలాడు. "ఒక్కన్నన్న బిల్లడుగు పిల్లా, నీ కాళ్ళు మొక్కుత."

"కార్డుల విందు అని ఉంది గద బావా" అన్నాను, తర్వాతి పేరు రాసుకుంటూ.

అక్క వంటింట్లోంచి తొంగి చూసింది. జనాన్ని చూసింది, బియ్యం బస్తాల వైపు చూసింది. కొంగు నడుముకు చుట్టింది. "పిలిచినోళ్ళం మనమే. పిలిచి పైసలడిగితే ఈ ఊర్ల మొకమెట్ల చూపెడ్తం? వడ్డియ్యున్రి" అంది. అంతే. కొన్ని వారాలకని తెచ్చిన బియ్యం, పప్పు, నూనె మధ్యాహ్నానికి అడుగంటాయి. సంగతి తెలిసి చాచా తమ గల్లీ నుంచి పెద్ద దేగ్షా గిన్నె రిక్షాలో వేసుకుని వచ్చేశాడు. పొయ్యి ముందు కూర్చుని బగారా అన్నం వండుతూ, "మాఫ్ చెయ్యి బేటీ, అక్షరాలు నాయి, తప్పు గూడ నాదే" అన్నాడు అక్కతో.

"అక్షరాలు నీయేడియి చాచా, కంపెనోళ్ళయంట గద!" అంది అక్క. అంత పనిలోనూ ఇద్దరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అక్క బోసి మెడ చూడలేక చదివింపుల కాగితంలోకి తల దించుకున్నాను.

మర్నాడు పొద్దున బావ ఖాళీ బస్తాల మధ్య గల్లా ముందు కూర్చున్నాడు. లారీ ఓనరుకు కబురు పెట్టాలని కూడా అనుకున్నాడట. అప్పుడు నిన్నటి పెద్దమనిషి వచ్చాడు, వెంట ఇద్దరు. చాయ్ తాగి పైసలు తీశాడు. మొహమాటపడి బావ వద్దన్నాడు. "నిన్న సుట్టాలం, తిన్నం. ఇయ్యాల సంతకు వచ్చినం. తీస్కోకపోతే ఇంకోపారి గడప దొక్కం" అని గల్లా మీద పెట్టేసి పోయాడు. సాయంత్రానికి బల్లలు నిండాయి. సంతకు వచ్చినా, దవాఖానకు వచ్చినా, బస్సు తప్పినా అందరూ అక్కడికే. పైసలైతే ఇచ్చేవాళ్ళు కానీ, ఒక్కరూ గిరాకీలా ఉండేవాళ్ళు కాదు. ఉప్పు తక్కువైతే అక్కను మేనత్తల్లా దెప్పేవాళ్ళు, వంటింట్లోకి వెళ్ళి పచ్చడి తామే వేసుకునేవాళ్ళు. బావ తల బాదుకునేవాడు. ఆ ఏడు బతుకమ్మ నాటికి అక్క మెడలోకి గుండ్లు తిరిగి వచ్చాయి.

ఫాంట్ల కంపెనీ ఏజెంటు ఆ తర్వాత ఒకసారి జడ్చర్ల వచ్చాడు. నేను ఎదురెళ్ళి, మా ప్రెస్సులో నిబంధన ఎంత కచ్చితంగా పాటిస్తున్నామో గర్వంగా చెప్పాను. ఆయన అట్ట చూసి, నన్ను చూసి, కుర్చీలో కూలబడి నవ్వాడు. "అమ్మా, నువ్వు పైసలు తీసుకుని అచ్చేసిన పెళ్ళికార్డు కూడా వ్యాపారమేనమ్మా. ఆ డబ్బాతో నువ్వు రాసుకోగలిగింది మీ ఇంటి పాల లెక్క ఒక్కటే. అయినా ఆ కాగితం ఇన్ని జిల్లాల్లో ఎవరూ చదివింది లేదు. నేనూ చదవలేదు." చాచా ఆ రోజే దుకాణాలకిచ్చే లైసెన్సు తీసుకున్నాడు. నేను అట్ట దించేశాను. అంతకాలమూ ఊరందరినీ నిలబెట్టి అడిగినదాన్ని, అసలు అడగాల్సింది నన్నేనని తేలేసరికి తల ఎత్తుకోలేకపోయాను.

మొన్న హోటల్లో కూర్చుని ఉంటే అక్కను అడిగాను, ఆ రోజు నా మీద కోపం రాలేదా అని. "రాకుంటె ఉంటదా? బగ్గ వచ్చింది. గంటె తీస్కొని నాలుగు పీకుదామని బయటికొచ్చిన. చూస్తె, నువ్వు గల్లా కాడ కూసోని కండ్ల నీళ్ళు తుడుసుకుంట తుడుసుకుంట పేర్లు రాస్తున్నవ్. ఒక్క పేరన్న ఇడిసిపెట్టలే. ఇగ గీ పిల్లనేం కొడ్తమని లోపలికి పోయి, పప్పుల ఇంకో బిందె నీళ్ళు పోసిన" అంది.

నేనిప్పుడు హైదరాబాద్‌లో డిజైన్ పని చేస్తున్నాను. ప్రతి ఫాంటుకూ లైసెన్సు కొంటాను, సరిగ్గా వ్యాపారానికిచ్చేదే. కొనేటప్పుడు తెర మీద చాంతాడంత షరతులు వస్తాయి. కింద "అంగీకరిస్తున్నాను" అని ఉంటుంది. ఒళ్ళో డిక్షనరీ పెట్టుకుని సాయంత్రం దాకా చదివిన ఆ ఒంటిజడ పిల్ల గుర్తొచ్చి వేలు ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత నవ్వుకుని, చదవకుండానే నొక్కేస్తాను.