నదికి ముఖం తిప్పుకున్న ఇళ్లు

ఇండోనేషియాలోని సురబయ నగరంలో నది ఒడ్డున ఉన్న ఆ పేటలో ఇళ్లన్నీ నదికి వీపు పెట్టి కట్టినవే. వాకిళ్లు ఇరుకు సందులోకి, వంటిళ్లు నీళ్ల మీదికి. వంటింటి కిటికీ తెరిస్తే చాలు, చెత్త పారేయడానికి వేరే చోటు వెతుక్కోనక్కరలేదు. జుమాదీ అలాంటి వంటింట్లోనే పెరిగాడు. తండ్రి పోయాక చదువు మానేసి వంతెన మొదట్లో పంక్చర్లు వేయడానికి కూర్చున్నాడు. బళ్లు రాని వేళల్లో పాత పుస్తకాల అంగట్లో ఏది దొరికితే అది చదివాడు. ఇళ్ల చట్టాలు, నగరాల చరిత్రలు, అట్టలూడిన నవలలు. చదివిన కొద్దీ కోపమే పెరిగింది. నగరాన్ని ఊడ్చి, మోసి, కట్టి నిలబెట్టే మనిషికి అదే నగరంలో కాలు మోపే చోటు ఎందుకు ఉండదో ఏ పుస్తకమూ అతనికి సరిగ్గా చెప్పలేదు.

ఆ ఏడు నగర కార్యాలయం వాళ్లు వచ్చి గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. నదిని పాడు చేస్తున్నది మీరే, వానలకు ముందే పూడిక తీసే యంత్రం వస్తుంది, ఒడ్డు ఖాళీ చేయండి అన్నారు. ఊరి చివర పెద్ద భవనాల్లో గదులిస్తారట. అక్కడినుంచి కూలి దొరికే చేపల బజారుకు రావాలంటే బస్సులు మారాలి, పని దొరికే వేళ దాటిపోతుంది.

జుమాదీ, అతని ఈడువాళ్లు కొందరు ఊరుకోలేదు. ప్రతి ఇల్లూ వెనకభాగం కోసుకుని నది వెంబడి బాట వదులుతుంది, వాకిళ్లు నదివైపు తిప్పుకుంటాం, తన ఇంటి ముందు తానే చెత్త వేసుకునే వాడుండడు కదా అని ఆఫీసులో వాదించారు. గెంటించుకున్నారు, మళ్లీ వెళ్లారు. చివరికి ఒక అధికారి నోట ఒక మాట రాబట్టారు.

"పూడిక తీసే యంత్రం వచ్చేసరికి బాట ఈ చివరినుంచి ఆ చివరికి ఉంటే ఇళ్ల జోలికి రాం. మధ్యలో ఎక్కడ తెగినా నన్నడగొద్దు."

కుర్రాళ్లు సంబరంగా రంగు కాగితాలు అచ్చువేయించి తలుపు తలుపుకూ అంటించారు. ఆదివారం పొద్దున్నే గునపాలతో రావాలని ఫోన్లలోనూ పంపారు. ఆదివారం వచ్చింది వాళ్లే. మిగతా పేటంతా గుమ్మాల్లో కూర్చుని కాఫీ తాగుతూ చూసింది.

అలా చూసినవాళ్లలో పక్కింటి పాక్ కస్మిన్ ఒకడు. పెద్దవాళ్లను అక్కడ పాక్ అని పిలుస్తారు. ఒకప్పుడు రిక్షా తొక్కిన మనిషి. అతని వంటింటికీ జుమాదీ వాళ్ల వంటింటికీ మధ్య ఒకటే గోడ. నదిగాలి తగిలే ఆ వెనక భాగంలోనే పాడే గువ్వల పంజరాలు వేలాడదీసుకున్నాడు. పేటలో చాలామంది అతను లేస్తే లేస్తారు, కూర్చుంటే కూర్చుంటారు.

"పాక్, కాగితం చూడలేదా?" అన్నాడు జుమాదీ.

"చూశాను. మా తలుపును పిలిచారు. అది వస్తుందేమో అడుగు."

గుమ్మాల్లో వాళ్లు నవ్వారు.

"ఇల్లు పోతుంటే వేళాకోళమా మీకు?"

"పోతే నీ పుస్తకాల్లో చూసి తెచ్చిపెట్టు. అంత చదివావు."

జుమాదీ గునపం విసిరికొట్టి ఇంటికొచ్చాడు. తల్లి సుతీనీ సోయాగింజలు పులియబెట్టి చేసిన టెంపే ముక్కలు వేయిస్తోంది. ఆ వేపుడు అమ్మకమే ఆమె బతుకు.

"వీళ్లు బాగుపడరమ్మా. కూలగొడితే గానీ బుద్ధి రాదు."

"ఈ గోడ లేపేటప్పుడు మీ నాన్న ఇంటింటికీ వెళ్లి సంబాతన్ అడిగాడు. కూలి లేదు, సాయంగా మా ఇంటి పనికి రండి అని, ఒక్కొక్కరి ముందూ కూర్చుని. అలా అడిగితే పగవాడైనా కాదనడు. కాగితం అంటించి పిలవడానికి వీళ్లేమన్నా నీ జీతగాళ్లా?"

"పని నా ఒక్కడిదా? పేటందరిది."

"పేటందరిదీ అంటే ఎవరిదీ కాదురా. ఎవరింటి పనో చెప్పి పిలవాలి."

జుమాదీ నదివైపు చెక్కలు తట్టి చూశాడు. "అయితే మన ఇంటితోనే మొదలుపెడతాను. వంటిల్లు తీసేద్దాం."

"నా పొయ్యి ఎక్కడ పెడతావు?"

"ముందు గదిలో."

"నువ్వెక్కడ పడుకుంటావు?"

"పొయ్యి పక్కన."

సుతీనీ మూకుట్లోంచి ముక్కలు తీసి నూనె వార్చింది. "ముందు పక్కింటికి వెళ్లు. అక్కడ నోరు అదుపులో పెట్టుకో."

జుమాదీకి అంతకన్నా కష్టమైన పని లేదు. పాక్ కస్మిన్ అరుగు మీద ఒక పంజరం ముందు పెట్టుకుని ఉన్నాడు. జుమాదీ కిందే చాప అంచున కూర్చున్నాడు.

"పాక్, ఆదివారం మా ఇంటి పనికి రావాలి. వంటిల్లు తీసేస్తున్నాం."

"ఏ గోడ తీస్తావు?"

"మీదీ మాదీ కలిసిన గోడ కూడా."

"అది తీస్తే నా వంటిల్లు నిలుస్తుందా?"

"నిలవదు. అది దాచి పిలవడం నాకిష్టం లేదు. మీరు వద్దంటే మధ్య గోడ ముట్టుకోను, మిగతాది తీస్తాను. బాట మీ దగ్గర తెగుతుంది. అప్పుడు రెండిళ్లూ పోతాయి, ఈ వరసంతా పోతుంది."

ముసలాయన పంజరంలోకి గింజలు వేశాడు. "మీ నాన్నకు ఇంత పొగరు లేదు," అన్నాడు చివరికి. "పనికి మాత్రం వస్తాను. సంబాతన్ అడిగినవాణ్ణి కాదంటే నన్ను రేపు మోసేదెవరు?"

జుమాదీ అక్కడినుంచి ప్రతి ఇంటికీ వెళ్లాడు. కొందరు కాసేపు నిలబెట్టి మరీ దెప్పారు. తలవంచుకుని విన్నాడు.

ఆదివారం సందు నిండిపోయింది. సుతీనీ తన పాత పొయ్యి మీద ఆఖరిసారి అన్నం వండింది. పైకప్పు రేకులు దిగాయి, నదివైపు చెక్కలు ఊడాయి. మధ్య గోడ ఒక్కటే మిగిలినప్పుడు అందరి గునపాలూ ఆగిపోయాయి. జుమాదీ కూడా ఆగాడు. అడగగలిగింది అడిగేశాడు, ఇక ఆ గోడ తనది కాదు.

పాక్ కస్మిన్ తన ఇంట్లోకి వెళ్లాడు. పంజరాలు ఒక్కొక్కటే తెచ్చి సందులో తగిలించాడు. తర్వాత జుమాదీ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"మా ఇంటి పనికి రా, అబ్బాయ్."

ఆ తర్వాత అక్కడున్న ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్లి పేరు పెట్టి పిలిచాడు. ఎంత ఆలస్యమైనా ఒక్కరినీ వదల్లేదు. అంతసేపూ ఎవరూ గునపం ఎత్తలేదు. పిలుపు పూర్తయ్యాక గోడ మీద మొదటి దెబ్బ ఆయనే వేశాడు.

తర్వాతి ఆదివారాల్లో ఇంకొకరు, మరొకరు తమ ఇళ్లకు పిలిచారు. యంత్రం వచ్చిన రోజున అధికారి బాట మీద ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాడు. ఎక్కడా తెగలేదు.

"సరే, యంత్రం నీళ్లలోనే పనిచేసుకుపోతుంది," అన్నాడు.

"ఆ మాట రాసివ్వండి," అన్నాడు జుమాదీ.

"చూద్దాం."

యంత్రం బురద తోడుకుంటూ వెళ్లిపోయింది. పేటలో పండగలా ఉంది కానీ జుమాదీ నవ్వలేదు. అధికారి మారితే మాటా మారుతుంది. మర్నాడు జుమాదీ పంక్చర్ల కొట్టు తెరవలేదు. ఉతికిన చొక్కా వేసుకుని, ఆ మాట రాయించుకోవడానికి ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. అతని అటూ ఇటూ పేట మనుషులు కూర్చున్నారు. ఒక్కొక్కరినీ తానే వెళ్లి పిలుచుకొచ్చాడు.

"సారు ఇవాళ రారు," అన్నాడు గుమాస్తా.

"రేపు వస్తారుగా," అన్నాడు పాక్ కస్మిన్, అన్నం మూట విప్పుతూ.