తెలుపు కాదండీ, బూడిద!

మా మావయ్యని మొహం మీదే తిట్టండి, నవ్వి ఊరుకుంటాడు. ఆయన ముందు ‘తెల్ల గుర్రం’ అని మాత్రం అనకండి. అన్నారో, ఆ పూటకి మీ పని అయిపోయినట్టే.

“తెలుపు కాదండీ, బూడిద!” అని మొదలుపెట్టి, గుర్రం పై పెదవి ఎత్తి చూపిస్తాడు. “మూతి చూడండి, నల్లగా లేదూ? వెంట్రుకలు తెల్లగా ఉండి చర్మం నల్లగా ఉంటే అది బూడిద గుర్రం. తెల్ల గుర్రమైతే చర్మం కూడా గులాబీ రంగులో ఉండాలి. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో అలాంటిది నేను ఒక్కటీ చూళ్ళేదు.” పాపం, స్వారీకని వచ్చినవాళ్ళు పాఠం విని ఇంటికి పోతారు.

స్వారీ బడిలో ఆయన ఉద్యోగం గుర్రాల గుర్తింపు పుస్తకాలు రాయడం. గుర్రానికో పుస్తకం. జాతి, పుట్టిన తేదీ, ఎత్తు, రంగు, మచ్చలు, సుడులు అన్నీ అందులో ఉండాలి. ఏడాదికోసారి పుస్తకాలన్నీ ముందేసుకుని, మారిన రంగుల్ని ఎర్ర సిరాతో దిద్దుతాడు. నేను అదే బడిలో చిన్నపిల్లలకి స్వారీ నేర్పుతాను కనుక ఈ గోలంతా రోజూ నా చెవిన పడాల్సిందే.

ఒకసారి ఒకాయన భార్యతో వచ్చి, పొట్టిగుర్రాన్ని చూసి ముచ్చటపడ్డాడు.

“ఈ గుర్రప్పిల్ల ఎప్పటికి పెద్దదవుతుందండీ?”

“అది పెద్దదేనండీ, జాతే పొట్టి. మీ ఆవిడ మీ భుజం దాకానే ఉన్నారు. ఇంకా పెరుగుతారని చూస్తున్నారా?”

ఆయన మొహం మాడిపోయింది. ఆవిడ మాత్రం పకపకా నవ్వి, ఆ వారమే స్వారీలో చేరింది.

మా వీధిలో దొంగ పడి పారిపోతుంటే చూసింది మావయ్య ఒక్కడే. ఆనవాళ్ళు రాసిమ్మని పోలీసాయన కాగితం ఇచ్చాడు. మావయ్య రాశాడు: ‘ఎర్రగోధుమ రంగు. నల్ల జూలు. నుదుట చిన్న మచ్చ. ఎడమ వెనక కాలికి తెల్ల మేజోడు.’

“వెనక కాలేమిటండీ?” అన్నాడు పోలీసాయన.

“గోడ దూకేటప్పుడు వెనకున్న కాలండీ.”

పోలీసాయన తల కొట్టుకున్నాడు గానీ, దొంగ సాయంత్రానికల్లా దొరికాడు. కంగారులో ఒక్క కాలికే మేజోడు తొడుక్కున్నాడట.

ఇంట్లోనూ ఇదే వరస. అత్తయ్య అద్దంలో మొదటి తెల్లవెంట్రుక చూసుకుని దిగాలుపడితే, ఓదారుద్దామని వెళ్ళాడు. “దిగులెందుకే? బూడిద గుర్రాలు నల్లగానే పుడతాయి. వయసొచ్చేకొద్దీ తెల్లబడతాయి. నీదీ ఆ రకమే” అన్నాడు. ఆ పూట మా వంటింట్లో పొయ్యి వెలగలేదు.

మా బడి గుర్రాల్లో వయసులో అన్నిటికంటే పెద్దది కాటుక. వెల్ష్ జాతి పొట్టిగుర్రం. పుట్టినప్పుడు నల్లగా నిగనిగలాడుతుంటే ఆ పేరు పెట్టారు. ఇప్పుడు చూస్తే పాలనురుగు. పరుగెత్తదు, దూకదు. భయపడే పిల్లని ఎక్కిస్తే, ఏడుపు ఆపేదాకా అడుగు తీసి అడుగు వెయ్యదు. చిన్నప్పుడు నేను మొదట ఎక్కిందీ దాన్నే. నా ఏడుపుకి ఇరవై నిమిషాలు పట్టిందని మావయ్య ఇప్పటికీ అందరికీ చెబుతుంటాడు.

అలాంటిదాని మెడ మీదికి కత్తి వచ్చింది. బడికి కొత్త మేనేజరు వచ్చాడు. ఇరవయ్యేళ్ళు దాటిన గుర్రాలన్నిటినీ సంతకి తోలేస్తామన్నాడు. ఆయనకి కుర్చీలు, ఫైళ్ళు తెలుసు గానీ గుర్రాలు తెలియవు. కాటుకకి ఇరవై నాలుగు. నాకు రెండు రోజులు ముద్ద దిగలేదు. మావయ్య మాత్రం ఏమీ ఎరగనట్టు పెన్నులో సిరా పోసుకుంటూ కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మూడో రోజు మేనేజరు పుస్తకాల దొంతర పట్టుకుని గుర్రాలశాలకి వచ్చాడు. వెనకాల మావయ్య, ఆ వెనకాల నేను.

“కాటుక. వెల్ష్ జాతి పొట్టిగుర్రం. ఇరవై నాలుగేళ్ళు. రంగు నలుపు. ఏదండీ?”

నేను ఉలిక్కిపడ్డాను. నలుపా? ఏటా అందరి రంగులూ దిద్దే మనిషి, దీని రంగు దిద్దలేదా?

“నల్ల పొట్టిగుర్రం మన దగ్గర లేదండీ” అన్నాడు మావయ్య.

“పోయిందేమో, ఎవరూ రాసి ఉండరు” అంటూ మేనేజరు అడ్డంగా గీత కొట్టాడు. తర్వాత కాటుక ముందే ఆగాడు. “మరి ఈ తెల్ల గుర్రం?”

చటుక్కున మావయ్య వైపు చూశాను. ముప్ఫయ్యేళ్ళ అలవాటు! మావయ్య నోరు తెరిచాడు, మూశాడు. మెడనరాలు ఉబ్బాయి. ఆముదం తాగిన మొహంతో, “అవునండీ... తెల్ల గుర్రమే” అన్నాడు.

“దీని పుస్తకం లేదే?”

“ఇవాళే కొత్తది రాసేస్తానండీ.”

“పేరు?”

ఆ ఒక్క అబద్ధానికే మావయ్య దగ్గర సరుకు అయిపోయింది. “మల్లెపూవండీ” అన్నాను నేను.

“వయసు?”

“ఎనిమిది దాటిందండీ” అన్నాడు మావయ్య. అందులో అబద్ధమేమీ లేదు, దాటి పదహారేళ్ళయింది.

మేనేజరు తల ఊపి వెళ్ళిపోయాడు. నేను మావయ్య చెయ్యి పట్టుకున్నాను.

“దీని రంగు దిద్దడం ఎలా మర్చిపోయావు మావయ్యా?”

“మర్చిపోవడమా? నేనా?” రోషం వచ్చేసింది. “పుట్టిన వారానికే దీని కంటి చుట్టూ నెరిసిన వెంట్రుకలు చూశానే. బూడిద అవుతుందని అప్పుడే తెలుసు. ఎప్పటికైనా ముసలిదవుతుందనీ తెలుసు. ఇలాంటి మేనేజరు ఎవడో ఒకడు వస్తాడనీ తెలుసు. అందుకే ఆ ఒక్క పుస్తకం జోలికి పోలేదు.”

ఇరవై నాలుగేళ్ళుగా కడుపులో దాచుకున్నాడు! తిట్టుకున్నందుకు సిగ్గేసింది, ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఏదో అనబోతుంటే, కొత్తగా చేరడానికి వచ్చిన ఒకావిడ కంచె దగ్గర ఆగింది.

“అబ్బ, ఎంత బావుందండీ ఈ తెల్ల గుర్రం!”

మావయ్య మునివేళ్ళ మీద లేచి గేటు వైపు చూశాడు. మేనేజరు కారు మలుపు తిరిగేదాకా ఆగాడు. అప్పుడు, పొద్దున్నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలి, కాటుక పై పెదవి ఎత్తాడు.

“తెలుపు కాదండీ, బూడిద!”