సాగర్ రోడ్డు మీద సముద్రం

ఇబ్రహీంపట్నంలో పెయింటర్ పరశురాంకు ఏ బోర్డు రాయమని ఇచ్చినా అందులో సముద్రం గీస్తాడు. ఉత్త సముద్రం కాదు. పైన నల్లటి మబ్బు, ఒడ్డున కూలిపోయిన కోట, దాని కిటికీల నిండా చీకటి. చికెన్ సెంటర్ బోర్డు మీది కోడి ఆ కోట గోడెక్కి ఒంటరిగా దిగులుపడుతూ ఉంటుంది. పెళ్లి సామాన్ల దుకాణం బోర్డు చూసి ఒక పెళ్లివారు ముహూర్తమే మార్చుకున్నారని చెప్పుకుంటారు. ఇంతా చేసి పరశురాం ఏనాడూ సముద్రం మొహం చూసినవాడు కాదు.

ఈ సంగతి తెలిసి కూడా నర్మద అతనికే పని ఇచ్చింది. కుట్టుమిషను అమ్మేసి బస్టాండు దగ్గర టిఫిన్ సెంటర్ పెడుతోంది పాపం, ఆశలన్నీ దాని మీదే. ఇడ్లీలు, పక్కన చట్నీ గిన్నె, ఇంకేమీ వద్దని మరీ మరీ చెప్పింది. శుక్రవారం ప్రారంభమనగా బుధవారం బోర్డు వచ్చింది. ఇడ్లీలైతే ఉన్నాయి. కూలిన కోట ముందు, అలలకు తడుస్తున్న బండ మీద ఉన్నాయి.

"గిది చూసి తిననీకి ఎవరొస్తరు కాకా? తిన్నోళ్లు దయ్యాలైనట్టున్నది," అంది నర్మద, ఏడుపు ఆపుకుంటూ.

"మంచి కోటకు గీత సక్కగ రావాలె బిడ్డా. నా చెయ్యి వణుకుతది. కూలిన గోడకు గీత ఎటు పోయినా నడుస్తది," అన్నాడతను.

అసలు సముద్రమే ఎందుకని అడిగితే వినబడనట్టు బ్రష్షులు కడుక్కుంటూ కూర్చున్నాడు.

మర్నాడు ఫ్లెక్సీ కొట్టించుకుందామని నర్మద తుర్కయాంజాల్ పోయే షేర్ ఆటో ఎక్కింది. పక్కన బేగం బీ కూర్చుంది. పరశురాం పక్కింటి ముసలమ్మ. కాలి పుండుకు కట్టు కట్టించుకోవడానికి గురువారం గురువారం దవాఖానకు పోతుంది. ఆటో కదిలి చికెన్ సెంటర్ దగ్గరికి రాగానే ఆమె మొహం వెలిగిపోయింది.

"సూడు బేటీ, సముద్రం షురూ అయింది," అంది.

నాగార్జునసాగర్ పోయే ఆ సాగర్ రోడ్డంటే సముద్రం ఒడ్డునే పోయే రోడ్డని ఆమె పెళ్లయి వచ్చిన నాటి నుంచీ నమ్మింది. పెద్దగా ఇల్లు దాటి ఎరగని మనిషి, కళ్ల ఆపరేషన్ అయ్యాక మొదటిసారి ఆటోలో పోయి, సముద్రం ఎక్కడా కనబడలేదని పరశురాం దగ్గర చిన్నపిల్లలా బాధపడిందట. సరిగ్గా చూసి ఉండవు, వచ్చే వారం చూడమన్నాడట అతను. మరుసటి వారం టైర్ల దుకాణం బోర్డు మీద అలలు లేచాయి. ఇక దారి పొడుగునా, ఆమె కూర్చునే వైపే, సముద్రం పెరుగుతూ వచ్చింది.

నర్మద ఆమె వైపు తిరిగింది. అవన్నీ నిజమనే నమ్ముతున్నావా అని మెల్లగా అడిగింది.

"బొమ్మలని నాకెర్క లేదా? గంత ఫికర్ జేసి గీస్తడు. సముద్రం లేదని ఎట్లంటం?" అంది బేగం బీ నవ్వుతూ.

నర్మద ఫ్లెక్సీ దుకాణం మొహం కూడా చూడలేదు. ముసలమ్మకు కట్టు కట్టించి, వెంటబెట్టుకొని తిరిగొచ్చి, నేరుగా పరశురాం దగ్గరికి పోయింది.

"బోర్డు గట్లనే ఉండనియ్ కాకా. గా కోటల జర పొయ్యి ముట్టియ్," అంది.

శుక్రవారానికి కూలిన కోట కిటికీలోంచి పొగ లేచింది. జనం ముందు బోర్డు చూసి నవ్వుకున్నారు, ఆ తర్వాత లోపలికొచ్చి తిన్నారు. నెల తిరిగేసరికి అది సముద్రం హోటల్ అయిపోయింది. గురువారం ఆటో ఎక్కేముందు బేగం బీ అక్కడే తింటుంది. మొదటిసారి ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకొని, బోర్డు వంక ఒకసారి, చట్నీ వంక ఒకసారి చూసింది.

"ఇంత సముద్రం పెట్టుకొని, ఉప్పు తక్కువేసినవేంది బేటీ," అంది.