గోడవార నడక

పాస్టరుగారి బంగళాలో వంటకు కుదిరిన రోజున ఆవిడకు పనికంటే ముందు నడక నేర్పారు. అప్పటి పాస్టరమ్మ ఆవిణ్ణి చెక్కమెట్ల దగ్గర నిలబెట్టి చెప్పింది: "మధ్యలో అయ్యగారు నడుస్తారు. నువ్వు గోడవారగా ఎక్కి గోడవారగా దిగు. మెట్లు పాడైపోకూడదు."

ఆ పాస్టరమ్మ బదిలీ మీద వెళ్లిపోయి ఆ మాట ఎప్పుడో మర్చిపోయి ఉంటుంది. ఈవిడ మర్చిపోలేదు. పాస్టర్లు వస్తూ పోతూ ఉన్నారు. వాళ్ల పై గదులకు వేడినీళ్లూ కాఫీలూ మోస్తూ, భుజం గోడకు రాసుకుంటూనే ఈవిడ వయసంతా కరిగిపోయింది. పెళ్లి మాట ఎత్తిన వాళ్లు లేరు, ఎత్తుకునే తీరికా ఆవిడకు లేదు. ఊరంతా బంగళా అత్త అనేవారు. "ఇంతమందికి అత్తనయ్యాను, అల్లుడొక్కడూ లేడు" అని తనే నవ్వేది.

చివరగా అక్కడ కాపురమున్న ముసలి పాస్టరుగారు వెళ్లిపోతూ, "నువ్వున్నంతకాలం వంటింటి వెనక గది నీదేనమ్మా" అన్నారు. ఆవిడకు ఆ మాటే కొండంత అండ. తరువాత వచ్చిన పాస్టరు చర్చి పక్కన కట్టిన కొత్త ఇంట్లో దిగారు. బంగళా ఖాళీ అయింది. ఖాళీ ఇల్లని ఆవిడ ఒక్క పూటా వదిలిపెట్టలేదు. కిటికీలు తుడిచింది, మెట్లకు నూనె రాసింది, కురిసిన చోటల్లా బిందె పెట్టింది. అడిగినవాళ్లూ లేరు, అడ్డుకున్నవాళ్లూ లేరు.

అదే ఆవిడ కొంప ముంచింది. ఇల్లు చెక్కుచెదరకుండా ఉందని చారిత్రక కట్టడంగా ప్రకటించారు. చెదలకు వదిలేసి ఉంటే ఏ పెద్దమనిషీ దానివంక చూసేవాడు కాదు, ఆవిడ గదిలో ఆవిడ ఉండేది.

పని మొదలైంది. మొదటి పాస్టరు కాలంలో ఎలా ఉందో అలాగే చెయ్యాలన్నాడు ఇంజనీరు. వెనక గది ఆ తరువాత వేసిన కట్టడమట, కూలగొట్టాలట.

"మరి నేనో?" అంది ఆవిడ.

ఇంజనీరు పక్కనున్న చర్చి సంఘం కార్యదర్శి వంక చూశాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి ఆవిడ వంటింట్లో కడుపు నింపుకుని పెద్దవాడైన మనిషి ఆ కార్యదర్శి. "పాస్టరుగారు చూస్తార్లే అత్తా" అన్నాడు. పాస్టరుగారి దగ్గరికి వెళితే ఆయన నీళ్లు నమిలారు. "పాతాయన నోటిమాట కదమ్మా, మేమేం చెయ్యగలం? ప్రార్థన చేద్దాం." కూలగొట్టమని సంతకం పెట్టిన చేతులే ప్రార్థనకు జోడించారు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. దైవజనుడి మీద కోపం తెచ్చుకున్నందుకు తననే తిట్టుకుంది కూడా, పిచ్చిది.

మెట్ల దగ్గర వడ్రంగి ఇంజనీరును అడిగాడు: "మధ్యలో గుంటలు పడ్డాయి సార్, చదును చెయ్యమంటారా?"

"ముట్టుకోకు. పాస్టర్ల అడుగులవి. చరిత్రంటే అదే."

"గోడవార కూడా అరిగిందే?"

"అక్కడేముంది, తేమకు పాడైంది. ఆ ముక్క కోసేసి కొత్తది అతికించెయ్."

"తేమ కాదు బాబూ, అది నేను" అంది ఆవిడ. చప్పుడులో ఎవరూ చెవిన వేసుకోలేదు. రంపం పని కానిచ్చింది.

గది కూలిపోయాక ఆవిడ ఒక దూరపు చెల్లెలింట్లో సర్దుకుంది. అక్కడ ఆవిడ లేచినా తప్పే, కూర్చున్నా తప్పే.

బంగళా తలుపులు జనానికి తెరిచిన రోజున ఆవిడా వెళ్లింది. కార్యదర్శి వచ్చినవాళ్లకు మెట్ల మధ్య గుంటలు వేలుపెట్టి చూపిస్తున్నాడు. ఆవిడకు ఏమనిపించిందో ఏమో, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మెట్టు మధ్యలో కాలు పెట్టింది.

"అత్తా! అక్కడ తొక్కకు, పాతకాలం చెక్క. గోడవారగా నడు."

ఆవిడ పక్కకు జరిగింది. పాదం తన గుంటను వెతుక్కుంది. అతుకు ముక్క బల్లపరుపుగా, నున్నగా తగిలింది. కాలు జారింది. కార్యదర్శి గబుక్కున చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మెల్లగా అత్తా," అన్నాడు జాలిగా, "నీకు ఈ మెట్లు అలవాటు లేదు కదా."