ఎల్బో లేని పైపు

మొగుడి పెద్దదినం నాడే ఆనందమ్మ వంటింటి సింకులో నీళ్లు ఎదురుతన్నాయి. బంధువులు తిని లేచాక గుండిగలు తోముతుంటే, మురికంతా పైకి పొంగి వంటింటి నిండా పరుచుకుంది. పైపు ఎక్కడ పూడిందోనని పక్క వాటాలోకి తొంగి చూస్తే, మరిది పెంచలయ్య పెరట్లో పైపు మూతి మీద కొత్త సిమెంటు ఇంకా తడిగా ఉంది.

"మీ ఎంగిలి నీళ్లు మా పెరట్లో ఎందుకు పారల్ల? పాకాలకు మీ నాయన దగ్గిరికి పోతే నీకూ సుఖం, నాకూ రెండు మగ్గాలు ఏసుకునే జాగా దొరుకుతాది" అన్నాడు పెంచలయ్య. వదినా అని కూడా పిలవలేదు.

అన్నదమ్ములు నడుమ గోడ పెట్టి పంచుకున్న ఇల్లు అది. అన్న పోయాక ఆ వాటా ఖాళీ చేయించడానికి కోర్టూ వద్దు, కొట్లాటా వద్దు, ఒక తట్ట సిమెంటు చాలనుకున్నాడు మహానుభావుడు. నగరి ఊళ్లో ఆ ఇంట్లోనే మగ్గం గుంటలో కాళ్లు పెట్టి సగం వయసు అరగదీసిన మనిషి ఆనందమ్మ. పోయే ఉద్దేశం ఆమెకు లేదు. మురికి నీళ్లు బక్కెట్లతో వీధి కాలువకు మోసి మోసి నడుము పట్టేసింది. బక్కెట్టు దించిన ప్రతిసారీ మరిదిని మనసారా తిట్టుకునేది. తిట్లతో ఆమె కడుపుమంట చల్లారలేదు.

పైపులు బిగించే మురుగేష్‌ను పిలిపించింది. వంటింటి బయటి గోడ సందు వైపు ఉంటుంది. గోడ వారగానే కాలువ. మురుగేష్ గోడ తొలిచి, నీళ్లు వెనక్కి తిరగకుండా బయటికి వాలు పెట్టి పైపు దూర్చాడు. చుట్టూ సిమెంటు మెత్తాడు.

"ఈడ ఎల్బో ఏసి, పైపును కిందికి వంచి కాలవలోకి దించేస్తా అక్కా."

"వొద్దు. నేరుగా ఉండనీ."

"నీళ్లు సందులోకి జిమ్ముతాయి గదక్కా?"

"జిమ్మనీ. నువ్వు కాఫీ తాగు."

అతనికి తెలియనిది ఆ వీధి నేతగాళ్లందరికీ తెలుసు. పడుగు సాచాలంటే ఆ సందే దిక్కు. తెల్లవారగానే నూలును సందు పొడవునా లాగి కట్టి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. ఆలస్యమైతే పోగులు అతుక్కుంటాయి. నూనె పడితే మళ్లీ గంజే పట్టదు.

పెంచలయ్య పడుగు సాచిన రోజు, ఆనందమ్మ పులుసు గిన్నె, వేపుడు బాణలి, పసుపు అంటిన గరిటెలు బిరడా బిగించిన సింకులో కడిగి, ఆ నీళ్లు పోకుండా నింపి పెట్టుకుంది. కిటికీ దగ్గర నిలబడింది. నూలు లాగనిచ్చింది, కట్టనిచ్చింది, గంజి పట్టించనిచ్చింది. అతను కుంచె ఎత్తగానే బిరడా పీకింది. అంత సంతోషం తనకు పెళ్లినాడు కూడా కలగలేదని ఆమె ఇప్పటికీ చెబుతుంది.

పచ్చటి జిడ్డు నీళ్లు తెల్లటి పడుగు నడుమ పడ్డాయి.

"ఓరి దేవుడా! ఏం చేసినావు?" అని గుండెలు బాదుకున్నాడు పెంచలయ్య.

"కాలవకే వదిలినానబ్బా. నీ నూలే అడ్డం వచ్చినాది."

పడుగు పట్టడానికి వచ్చిన ఇరుగుపొరుగు ఒక్కరూ ఆమెను తప్పుపట్టలేదు. ఆమె బక్కెట్లు మోయడం అందరూ చూసిందే.

మరో పడుగు సాచే వేళకు పెంచలయ్య తన సిమెంటు తానే పగలగొట్టి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"పాత పైపు తెరిచినా. ఇంగ ఆ పక్కకే వదులుకో."

"నాకు ఈడే బాగుండాది."

"మల్ల నేను పడుగు యాడ సాచల్ల?"

"ముందు ఇది చెప్పు. ఈ ఇల్లు ఎవురిది?"

అతను వెనక్కి చూశాడు. నూలు పట్టుకుని వీధంతా నిలబడి ఉంది.

"నీదే" అని గొణిగాడు.

"నాకు సరిగ్గా వినపళ్లేదు."

"మా వదినది!" అని అరిచాడు.

"అయితే సాచుకో" అని ఆనందమ్మ కిటికీ మూసింది. ఎల్బో మాత్రం పెట్టించలేదు. ఇప్పటికీ పడుగు రోజున పెంచలయ్య ఆ కిటికీ కింద నిలబడి, "వదినా, సాచేదా?" అని అడగాలి. లోపల ఆమె కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతుంది. బయట ఎండ ముదురుతూ ఉంటుంది. అతను ఇంకోసారి "వదినా" అంటాడు.